మా ఆవిడ నీలం

మా ఇంట్లో కంప్యూటర్‌ని అల్లుడుగారు అంటాం. అసలు అల్లుడు ఇంకా రాలేదు. మా అమ్మాయికి దొరికినవాడు నచ్చలేదు, నచ్చినవాడు దొరకలేదు. ఈలోగా ఆ మర్యాదలన్నీ కంప్యూటర్‌కే జరిగిపోతున్నాయి. ముందుగదిలో కిటికీ పక్కన, గాలి బాగా తగిలే చోటు దానిది. దుమ్ము పడకుండా దాని మీద ఉతికిన గుడ్డ కప్పుతారు. పొద్దున్నే అది నిద్ర లేవడానికి ఎంతసేపు తీసుకున్నా ఎవరూ విసుక్కోరు. నేను కాస్త ఆలస్యంగా లేస్తే మాత్రం ఆ సంగతి వీధి చివరిదాకా వినపడుతుంది.

నేను సిటీ బస్సు నడిపి రిటైరయ్యాను. మా ఆవిడ ఇంకా పని చేస్తోంది. కర్టెన్లు నేసే మిల్లుకు రంగులు వేసి పెడుతుంది. మిల్లులో బొమ్మ గీసేవాళ్ళు గీతలు మాత్రమే గీసి పంపుతారు. ఏ ఆకుకు ఏ పచ్చ, ఏ నీటికి ఏ నీలం అన్నది చెప్పాల్సింది ఈవిడ. పూర్వం కుంచెతో కాగితం మీద వేసేది. ఇప్పుడు అల్లుడుగారి ముందు కూర్చుని తెర మీదే వేసి పంపేస్తుంది. ఆ రంగులు చూసి మిల్లువాళ్ళు దారానికి రంగు అద్ది నేస్తారు. ఊళ్ళో సగం కిటికీల్లోకి ఎండ మా ఆవిడ రంగుల్లోంచే దిగుతుంది. బస్సు నడిపే రోజుల్లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా మేడల వైపు చూసి, అదిగో మా ఆవిడ గులాబీ, అదిగో మా ఆవిడ బూడిద అనుకుంటూ కూర్చునేవాణ్ణి. వెనకాల హారన్లు మోగేవి.

రంగు విషయంలో ఆవిడ ఇంకొకరి మాట తీసుకోదు. నేను చొక్కా కొనుక్కున్నా, అది ఏ రంగో ఆవిడ చెప్పేదాకా నాకు తెలియనట్టే లెక్క. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. విచిత్రమేమిటంటే, రంగుల దగ్గరికొచ్చేసరికి, వంగి లెక్కపెట్టి చూస్తే నిజంగానే మూడు ఉండేవి. మిల్లులో రంగు తొట్ల దగ్గర పనిచేసే పెద్దాయన కూడా ఆవిడతో వాదించడం ఎప్పుడో మానేశాడు.

అలాంటి మనిషి పంపిన నది వెనక్కి వచ్చింది.

రాబోయే సీజనుకు మిల్లు తలపెట్టిన పెద్ద డిజైన్ అది. రెండు ముఖాల కర్టెన్. వీధిలోకి కనబడే వైపు ఒక నది, గదిలోకి కనబడే వైపు అదే నది వేరే రంగుల్లో. రెండు పొరలు కలిపి నేస్తారు కాబట్టి ఒక వైపు రంగు ఇంకో వైపుకు రాదు. మా ఆవిడ ఎంతో ముచ్చటపడి వేసింది. మిల్లు మేనేజరు ఫోన్ చేసి, ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరికి అసలు సంగతి నములుతూ నములుతూ బయటపెట్టాడు.

“ఏమీ అనుకోకండమ్మా. ఈ నదిలో దిగితే ఒంటికి నీలం అంటుకునేలా ఉంది.”

ఇంకోసారి చూసి పంపమన్నాడు. అదీ కుదరకపోతే, మిషన్‌తో రంగులు వేసిచ్చే కంపెనీ ఒకటుంది, ఈ ఒక్కదానికీ వాళ్ళని అడుగుతామన్నాడు. ఈ ఒక్కదానికీ అన్నాడు గానీ అది ఒక్కదానితో ఆగదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఫోన్ పెట్టేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆ చేతులు ఖాళీగా ఉండగా చూడటం నాకు అలవాటు లేదు. భయం వేసింది.

కాసేపటికి తీర్పు చెప్పింది. తప్పు అల్లుడుగారిదట. తెర నీలం మింగేస్తోందట. వేసింది వేసినట్టు చూపించకపోవడంతో, చాలలేదనుకుని తను ఇంకా ఇంకా వేసిందట.

ఇక్కడ మా అమ్మాయి సంగతి చెప్పాలి. ఇళ్ళలో కంప్యూటర్లు మొరాయిస్తే జనం ఫోన్ చేసే ఆఫీసు ఒకటుంటుంది కదా, అందులో ఫోనెత్తేది మా అమ్మాయి. లోపలి గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఎంత తియ్యగా మాట్లాడుతుందంటే, నా మీద కేకలేసేది ఈ పిల్లేనా అని అనుమానం వస్తుంది. వాళ్ళ ఆఫీసులో నేర్పే మొదటి పాఠం, ఫోన్ చేసిన మనిషిని అనుమానించకూడదు. ప్లగ్గు పెట్టకుండానే ఫోన్ చేసినా సరే, మీరు ప్లగ్గు పెట్టలేదు అనకూడదు. ఒకసారి ప్లగ్గు తీసి, దుమ్ము ఊది, మళ్ళీ పెట్టి చూడండి అనాలి. తప్పు వైరుది, లేకపోతే సెట్టింగుది. మనిషిది మాత్రం కాదు. మంచి పాఠమే. లోకమంతా నేర్చుకుంటే సగం తగువులు తీరిపోతాయి. మా ఇంట్లో మాత్రం ఆ పాఠమే మమ్మల్ని దారి తప్పించింది.

అమ్మాయి తల్లిని కూర్చోబెట్టి, ఫోన్‌లో అడిగే గొంతుతోనే అడిగింది. చివరిసారి ఎప్పుడు బాగుంది, ఆ తర్వాత ఏం మారింది అని. ఏమీ మారలేదంది మా ఆవిడ. అయితే సరేనని మొదలుపెట్టింది. ముందు ఆపి మళ్ళీ ఆన్ చేసింది. సగం జబ్బులు దాంతోనే పోతాయట. మనుషులకీ ఆ బొత్తాం ఉంటే ఎంత బాగుండేది. తర్వాత వైరు పీకి బిగించింది. పొద్దు వాలేసరికి కళ్ళకు హాయిగా ఉండాలని తెర దానంతటదే పసుపు తిరిగే ఏర్పాటు ఒకటి ఉంటుందట. ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది దాన్ని చూసే బెంబేలెత్తిపోతారట. అదేమో అని చూస్తే అది ఆపేసే ఉంది. ఇక డ్రైవర్‌ని మార్చాలంది. డ్రైవర్‌ని మార్చాలంటే యూనియన్‌తో మాట్లాడాలి అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. బొమ్మ ఎలా చూపించాలో తెరకు చెప్పే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారట. పాతది తీసేసి కొత్తది వేసింది. ఆఖరికి స్నేహితురాలి ఇంటి నుంచి వేరే మానిటర్ మోసుకొచ్చి తగిలించింది. అది కూడా నీలం మింగింది.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నా నాలుక చివరిదాకా వచ్చింది. ప్రాణం మీద తీపి కొద్దీ వెనక్కి మింగేశాను.

చివరికి అమ్మాయి రంగులు సరిచేసుకునే చోటు చూపించింది. ఎరుపుకు ఒక గీత, పచ్చకు ఒక గీత, నీలానికి ఒక గీత. ప్రతి గీత మీదా అటూ ఇటూ జరిపే స్లైడరు. ఎవరి ఇష్టం వాళ్ళు పెట్టుకోవచ్చని ముగ్గురికీ మూడు అకౌంట్లు చేసిపెట్టింది. ఒకరి అకౌంట్లో రంగులు మారిస్తే ఇంకొకరివి మారవు. నీ కంటికి సరిగ్గా అనిపించేదాకా నెమ్మదిగా జరుపుకోమ్మా అని చెప్పి, లోపల ఫోన్ మోగుతుంటే వెళ్ళిపోయింది. మా ఆవిడ ఒక్కతే కూర్చుని జరుపుకుంది. సాయంత్రానికి మొహం విచ్చుకుంది. ఇప్పుడు దారికొచ్చాడు అల్లుడు, అంది. ఇల్లు ఊపిరి పీల్చుకుంది.

ఆ తర్వాత మిల్లు నుంచి రంగు అద్దిన దారాల నమూనాలు వచ్చాయి. ఆవిడ వాటిని తెర పక్కన పెట్టి చూసి మొహం చిట్లించింది. తెర మీద నీలం ఉంది, దారంలో లేదు. తొట్ల దగ్గరి పెద్దాయన కూడా నీలం మింగుతున్నాడని తేల్చింది. దారానికి చాలేలా నదిలో ఇంకా నీలం కలపడం మొదలుపెట్టింది. మరి రెండు రోజులకు, అన్నాలు తిన్నాక కిటికీ దగ్గర నిలబడి, ఎవరితోనో అన్నట్టు, ఈ మధ్య ఆకాశంలోనే నీలం తగ్గిందండీ, పొగ కాబోలు, అంది.

నేను ఊఁ కొట్టాను. పెళ్ళైన మగవాడు వినకుండానే ఊఁ కొట్టగలడు. తర్వాత లేచి కిటికీలోంచి చూశాను. వాన వెలిసిన ఆకాశం. కడిగి ఆరేసినట్టు, ఎక్కడా మచ్చ లేకుండా, కళ్ళు జిగేల్మనేంత నీలంగా ఉంది. అప్పటి నుంచి ఆ మాట చెవిలో జోరీగలా తిరగడం మొదలుపెట్టింది. తెరకు వైరు ఉంది, పీకి బిగించాం. ఆకాశానికి వైరు ఎక్కడని వెతకాలి?

ఆ పెద్దాయనతో తేల్చుకొస్తానని మా ఆవిడ మిల్లుకు వెళ్ళిన మధ్యాహ్నం, పేక ఆడుకుందామని అల్లుడుగారి ముందు కూర్చున్నాను. గుడ్డ తీసి మౌస్ కదిపాను. ఆవిడ తన అకౌంటు మూయకుండా వెళ్ళిందని నాకు తెలియదు.

గది నీళ్ళలో మునిగింది. తెర మీంచి నీలం వచ్చి నా చేతుల మీద, బల్ల మీద, ఎదురు గోడ మీద పరుచుకుంది. తెర నిండా మా ముగ్గురి ఫోటో. డిపోలో నా ఆఖరి రోజున బస్సు ముందు నిలబడి తీయించుకున్నది. ముగ్గురం ఏ నది అడుగునో నిలబడి ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉన్నాం. ఎర్ర బస్సు నేరేడుపండు రంగు తిరిగింది. మా అమ్మాయి నవ్వు చల్లగా, చాలా దూరంగా ఉంది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోతే, ఆ చప్పుడు నీటి పైనుంచి దిగివచ్చినట్టు వినపడింది. నేను కదల్లేదు. కదిలితే బుడగలు వస్తాయేమో అనిపించింది. అంత ప్రశాంతంగా ఉంది, అంత భయంగానూ ఉంది.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తలుపు చప్పుడైంది. మా ఆవిడ సంచీ కింద పెట్టి, ఎవరి అకౌంట్లో కూర్చున్నారో చూసుకున్నారా అని దెప్పింది. నేను ఫోటో వైపు వేలు చూపించి, రంగులు సరిగ్గా ఉన్నాయా అని అడిగాను. నా భుజం మీదుగా వంగి చూసింది.

“సరిగ్గా ఉంది. ఇప్పుడేగా బస్సు ఎర్రగా కనిపిస్తోంది,” అంది.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. ఆ సామెతతో ఎంతమందిని వెక్కిరించానో లెక్క లేదు. ఆ క్షణాన అది గుర్తొచ్చింది. టీ పెడతానని చెప్పి వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ వెలిగించకుండా నిలబడ్డాను. డ్రైవరుగా ఉన్నన్నాళ్ళూ ఏటేటా నా కళ్ళు పరీక్ష చేసేవారు. ఆవిడ కళ్ళను ఎవరూ పరీక్ష చేయలేదు. ఊరందరి కళ్ళకూ రంగులు ఇచ్చే మనిషి కళ్ళను అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

మర్నాడు ఆవిడ కునుకు తీస్తుండగా నా అకౌంట్లోకి వెళ్ళాను. ఆవిడ నీలాన్ని ఎంత పెంచుకుందో నేను అంత తగ్గిస్తే, ఆవిడ చూసేది నాకూ కనబడాలి కదా. ఆవిడ అకౌంట్లో స్లైడరు గీత మీద ఎంత దూరం కుడికి జరిగి ఉందో చూసుకుని, నా దాన్ని అంత దూరం ఎడమకు జరిపాను.

ఫోటో మీద ఎండ వాలింది. ఇంకే మాటతో చెప్పాలో తెలియదు. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో అది. ఇప్పుడందులో పొద్దు గుంకబోతోంది. డిపో గోడ వెన్నలా మెత్తబడింది. వెనకాల ఆకాశం నీలం కాదు, మరగకాచిన పాల రంగు. మా అమ్మాయి చెంపలు దీపం ముందు కూర్చున్నట్టున్నాయి. నా నెరిసిన తల తేనెలో ముంచి తీసినట్టుంది. ఈ మనిషి నన్ను ఇన్నేళ్ళు ఎలా భరించిందో అప్పుడు అర్థమైంది.

కొన్ని మధ్యాహ్నాలు అలా వెళ్ళి ఆ వెలుగులో కూర్చున్నాను. పాత ఫోటోలన్నీ ఒక్కొక్కటే తెరిచాను. మా మేడ మెట్లు, ఆవిడ కుట్టుమిషను, ఒకప్పటి మా పిల్లి. అన్నిటి మీదా అదే వాలుపొద్దు. అక్కడ ఎవరికీ తొందర లేదు, ఎవరికీ వయసు మీద పడటం లేదు. బయటికొచ్చి మామూలు ఎండలో మా ఆవిణ్ణి చూస్తే, ఈవిడ ఉంటున్న ఊళ్ళోంచి నేనే ఇప్పుడు బస్సు దిగినట్టుండేది. చెప్పకుండా ఉండిపోతే ఏం పోతుంది అనిపించింది. నిజంగా అనిపించింది. ఆ సాయంత్రంలోంచి ఆవిణ్ణి లేపడానికి నాకు మనసు రాలేదు.

కానీ ఆవిడ నది పూర్తి కావస్తోంది. రేపు పొద్దున్న మిల్లుకు పంపేస్తానంది. అంత నీలంతో అది వెళ్తే తిరిగొస్తుంది. ఆ తర్వాత మిల్లు నుంచి ఇంకే గీతా రాదు. ఆవిడ చేతులు మళ్ళీ ఒళ్ళోకి వస్తాయి, ఈసారి అక్కడే ఉండిపోతాయి.

చెప్పడం ఎలా అన్నదే చిక్కు. రెండు అకౌంట్లూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి చూపిద్దామా అంటే, చూడాల్సింది ఆ కళ్ళే. దారం చూపినా, ఆకాశం చూపినా, సాక్ష్యం వెళ్ళేది ఆ పసుపు తలుపులోంచే. చూపించి ఒప్పించే దారి లేదు. నా మాట నమ్మాలి. రంగు విషయంలో ఎవరి మాటా నమ్మని మనిషి, జీవితమంతా వేళాకోళాలాడిన నా మాట నమ్మాలి.

ఆవిడ బల్ల దగ్గర కూర్చుని ఉండగా, పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“నీలం తెరలో తగ్గలేదు. దారంలో తగ్గలేదు. నీ కళ్ళకు తగ్గింది,” అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగి చూసింది. ఏ చేదు మాటైనా సరే, చివర ఒక నవ్వొచ్చే తోక తగిలించడం నా అలవాటు. ఆవిడ ఆ తోక కోసం చూస్తోంది. నేను చెప్పలేదు. వీధిలో ఎవరో ఎవరినో పిలిచారు, వాళ్ళు పలికారు. ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. నా నోట్లో ఏ తోకా లేదని కాసేపటికి ఆవిడకు తెలిసింది.

“మీరు నవ్వట్లేదు,” అంది.

“లేదు.”

అరచేతులతో కళ్ళు మూసుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, ఆ చీకట్లో ఏదో వెతుక్కుంటోంది. తర్వాత చేతులు తీసి, మేనేజరు చెప్పింది నిజమేనన్నమాట అంది. అవునన్నాను. మెల్లిగా మౌస్ పట్టుకుని, పంపడానికి సిద్ధంగా ఉన్న నదిని మూసేసింది. ఆ మనిషి నా మాట మీద ఒక రంగును పక్కన పెట్టడం అదే మొదటిసారి. నాకు గర్వంగా లేదు.

అమ్మాయికి చెబితే ముందు అలవాటు కొద్దీ ఒప్పుకోలేదు, ఇంకో కేబుల్ మార్చి చూద్దామంది. తర్వాత తల్లి అకౌంటు తెరిచి ఆ నీలం చూసింది. తల్లి చెయ్యి పట్టుకుని, మీకు కలిగిన అసౌకర్యానికి, అని ఆఫీసు మాట మొదలుపెట్టి, మధ్యలో ఏడ్చేసింది.

కళ్ళ డాక్టరు చూసి, ఇది వయసుతో వచ్చే శుక్లమే, లోపలి పొర పసుపు తిరిగిందని చెప్పింది. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదట. ముందు ఒక కన్ను, కొన్నాళ్ళు ఆగి రెండోది ఆపరేషన్ చేయాలంది. మేనేజరుతో మా ఆవిడ తనే ఫోన్‌లో మాట్లాడింది. నది పాడుచేసింది తన కళ్ళేనని దాచకుండా చెప్పింది. ఆగుతాం, మీరే చేయండి అన్నాడు అతను.

మొదటి కంటి కట్టు విప్పిన రోజు, ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చున్నాం. మేం ఎక్కాల్సిన బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆవిడ తల పైకెత్తి ఆకాశాన్ని చూస్తోంది. కొత్త కన్ను మూసి పాత కంటితో, పాత కన్ను మూసి కొత్త కంటితో, మళ్ళీ మొదటి నుంచి. ఒక కంటికి మధ్యాహ్నమట, ఇంకో కంటికి సాయంత్రమట. రెండూ ఒకే ఆకాశంలో ఉన్నాయని గుసగుసగా చెప్పింది, ఎవరైనా వింటే ఒకటి లాక్కుపోతారన్నట్టు. నన్ను కూడా అలాగే మార్చి మార్చి చూసింది. ఏం కనబడిందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంటికొచ్చాక అమ్మాయి అన్ని అకౌంట్లలోనూ రంగుల్ని మొదటి సెట్టింగులకు మార్చేసింది. నేను దొంగచాటుగా ఎడమకు జరిపి ఆ వెలుగు చూసిన సంగతి అప్పుడే ఇద్దరికీ చెప్పాను. ఎవరు ఎంత జరిపారో ఇక ఎక్కడా ఆనవాలు లేదు. మా ఆవిడ పాత డిజైను తెరిచి, కొత్త కంటితో చూసి, ఇంత నీలం ఎవరు పోశారమ్మా అని నోరు నొక్కుకుంది. అప్పుడే ఆలోచన వచ్చినట్టుంది. వీధి వైపు నదిని కొత్త కంటితో మామూలుగా వేసేసింది, తేలిగ్గా, తెల్లవారిన నీళ్ళలా. గది వైపు నది దగ్గరికొచ్చేసరికి, కొత్త కన్ను చేత్తో మూసుకుని తెరనూ దారాలనూ పాత కంటితో చూసేది. తర్వాత పాత కన్ను మూసుకుని, అప్పుడు చూసిందాన్ని కొత్త కంటితో రంగులు కలిపి వేసేది. బయటివాళ్ళకు పగటి నది, ఇంట్లోవాళ్ళకు పొద్దు వాలిన నది. ఒడ్డు వేసింది, చెట్లు వేసింది, రాళ్ళు వేసింది. ఇల్లంతా మెత్తబడిపోయినట్టుండేది ఆ రోజుల్లో. ఆవిడ చెయ్యి కంటి మీదికి లేచి దిగడమే గడియారంలా ఉండేది. ఆ పసుపు వెలుగు తనకు కొన్నాళ్ళే ఉంటుందని ఆవిడకు తెలుసు. వదలబుద్ధి కావట్లేదండీ, అంది ఒకసారి.

గదివైపు నీళ్ళు మాత్రం మిగిలి ఉండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అనుకున్నదానికన్నా ముందే ఖాళీ దొరికింది, రేపే రమ్మన్నారు. నేను వాయిదా వేద్దామన్నాను. అమ్మాయి వద్దంది. ఆవిడ చాలాసేపు ఆలోచించి, వెళ్దాం పదండి అంది.

రెండో కంటి కట్టు విప్పాక, ఆవిడ లోకంలో ఇక సాయంత్రం లేదు. సాయంత్రమైనప్పుడు తప్ప. బల్ల ముందు కూర్చుని గుర్తున్నంత మేరకు ఆ నీళ్ళు వేసింది. చెరిపింది. మళ్ళీ వేసింది. రంగు గుర్తుండటం వేరు, కనబడటం వేరు, చెయ్యి నాకు సాక్ష్యం చెప్పట్లేదు అంది. అమ్మాయి వచ్చి, స్లైడరు మళ్ళీ ఎడమకు జరిపి ఆ వెలుగు తెస్తానంది. ఎంత జరపాలో నీకు తెలుసా అని తల్లి అడిగింది. ఆ వెలుగులో కూర్చున్నవాళ్ళు లోకంలో ఇద్దరే. అందులో ఒకరు ఇక చూడలేరు.

మా ఆవిడ పక్క కుర్చీ ముందుకు లాగింది.

“ఇలా రండి. మీరు చూశారుగా. నీళ్ళు ఎలా ఉండేవో మీరే చెప్పాలి.”

నేనా అనుకున్నాను. చొక్కా రంగు చెప్పడానికి కూడా పనికిరానివాణ్ణి. మాట జారి తప్పు చెబితే, అది ఊరంతా గదుల్లో వేలాడుతుంది. కూర్చున్నాను. కళ్ళు మూసుకుని, ఆ మధ్యాహ్నాల్లోకి వెళ్ళాను. డిపో గోడ, మరగకాచిన పాల ఆకాశం, తేనె. కళ్ళు తెరిచి తెర మీది నీళ్ళు చూశాను. బాగానే ఉన్నాయి. బాగున్నాయని చెబితే సరిపోయేది. కానీ అవి ఆ నీళ్ళు కావు.

“ఇంకా చల్లగా ఉన్నాయి,” అన్నాను.

ఆవిడ ఎదురు చెప్పలేదు. మౌస్ మీద చెయ్యి పెట్టి, రంగును కొంచెం కొంచెంగా జరపడం మొదలుపెట్టింది. నీళ్ళలోకి వెలుగు దిగుతోంది. డిపోలో బస్సు వెనక్కి తీసేటప్పుడు, డ్రైవరుకు వెనక ఏమీ కనబడదు. కండక్టరు గొంతు ఒక్కటే ఆధారం. అప్పుడు నా కోసం అరిచిన మాటలే నా నోట్లోంచి వచ్చాయి.

“రానీ. రానీ. ఇంకొంచెం రానీ.”

నది అడుగు కనబడింది. ఆ రాళ్ళ మీద వాలుపొద్దు పరుచుకుంది.

“హోల్డాన్.”

ఆవిడ చెయ్యి అక్కడే ఆగింది. తెర వైపు ఒకసారి చూసింది, నా వైపు ఒకసారి చూసింది. సరేనా అని మళ్ళీ అడగకుండా నదిని మిల్లుకు పంపేసింది.